సీసపు అక్షరాల వెనుక తత్వవేత్తలు

న్యూయార్క్: వాల్‌స్ట్రీట్‌లో ఉద్యోగాలు చేసే మనవాళ్లు రోజూ దాటి వెళ్లే భవనం ఫెడరల్ హాల్. మెట్ల మీద జార్జి వాషింగ్టన్ విగ్రహం, దగ్గర్లోనే స్టాక్ ఎక్స్ఛేంజి. ఇప్పుడున్న కట్టడం 1842 నాటిది. అంతకు ముందు ఆ స్థలంలో సిటీ హాల్ ఉండేది. 1735 ఆగస్టు 4న అక్కడే ఒక ప్రింటర్‌ను విచారించారు. పేరు జాన్ పీటర్ జెంగర్. 1710లో కుర్రవాడిగా జర్మనీ నుంచి వలస వచ్చినవాడు. గవర్నర్ విలియం కాస్బీని ఎండగట్టే వార్తాపత్రికను అచ్చేయడమే అతడు చేసిన నేరం.

జెంగర్ తత్వవేత్త కాదు, అచ్చుపని చేసుకుని బతికేవాడు. అతడి 'న్యూయార్క్ వీక్లీ జర్నల్'లో రాతలు ఎక్కువగా జేమ్స్ అలెగ్జాండర్ అనే లాయరువి, ఆయన మిత్రులవి. ఎవరి రాత ఏదో బయటికి తెలియదు కాబట్టి శిక్ష ప్రింటర్ నెత్తిన పడింది. స్థానిక రాతలతో పాటు ఆ పత్రిక లండన్ నుంచి వచ్చిన 'కేటోస్ లెటర్స్' వ్యాసాలను మళ్లీ మళ్లీ అచ్చేసేది. 1720 దశకం తొలినాళ్లలో జాన్ ట్రెంచర్డ్, థామస్ గోర్డన్ రాసినవి అవి. పాలకుడి అధికారం ప్రజలు అప్పగించింది, లెక్క అడిగే హక్కూ వాళ్లదేనన్న జాన్ లాక్ ఆలోచనను ఆ ఇద్దరూ సామాన్యుడికి అర్థమయ్యే పత్రికా భాషలోకి దించారు. లాక్ గ్రంథాలు చదవని న్యూయార్క్ వ్యాపారులకు కూడా లాక్ ఇలాగే చేరాడు.

లాక్ పత్రికలకు చేసిన మేలు మరొకటి ఉంది. అప్పట్లో ఇంగ్లండ్‌లో ఏది అచ్చేయాలన్నా ముందే అనుమతి కావాలి. దాన్ని ఎదిరిస్తూ 1644లో కవి జాన్ మిల్టన్ 'అరియోపజిటికా' రాశాడు. సత్యాన్నీ అసత్యాన్నీ బహిరంగంగా తలపడనిస్తే సత్యం ఓడిపోదని ఆయన నమ్మకం. ఆయన సహనం మాత్రం కేథలిక్కుల దాకా వెళ్లలేదు. పైగా 1651లో ఆయనే ఒక వార్తాపత్రికకు అనుమతులిచ్చే అధికారిగా కూర్చున్నాడు! చివరికి 1695లో ఆ చట్టం గడువు తీరినప్పుడు పొడిగించలేదు. దానికి వ్యతిరేకంగా లాక్ రాసిచ్చిన పత్రంలో ఆదర్శాలకంటే లెక్కలే ఎక్కువ. ప్రచురణకర్తల గుత్తాధిపత్యం వల్ల పుస్తకాల ధరలు పెరుగుతున్నాయని ఆయన ఫిర్యాదు. మహావాక్యాలు మిల్టన్‌వి, పని జరిగింది లాక్ లెక్కలతో అనిపిస్తుంది. ఏడేళ్లు తిరగకుండానే, 1702లో లండన్‌లో తొలి దినపత్రిక 'డైలీ కూరంట్' వచ్చింది.

మళ్లీ జెంగర్ దగ్గరికి వద్దాం. 1734 నవంబరులో అతడిని జైల్లో వేశారు. జామీను మొత్తం కట్టలేక విచారణ దాకా ఎనిమిది నెలలకు పైగా లోపలే ఉన్నాడు. భార్య అన్నా జైలు తలుపు సందులోంచి సూచనలు తీసుకుంటూ పత్రిక నడిపించింది. తప్పిపోయింది ఒక్క సంచికే. చరిత్ర పుస్తకాల్లో ఆమెకు దక్కింది రెండు మూడు వాక్యాలు.

అతడి తరఫున నిలిచిన అలెగ్జాండర్, విలియం స్మిత్‌ల లాయరు పట్టాలను జడ్జి రద్దు చేశాడు. దాంతో ఫిలడెల్ఫియా నుంచి పెద్దాయన ఆండ్రూ హామిల్టన్ వచ్చాడు. అచ్చేసింది తన క్లయింటేనని లేచీ లేవగానే ఒప్పేసుకున్నాడు. కోర్టు నివ్వెరపోయింది. అప్పటి చట్టం ప్రకారం రాసింది నిజమైతే నేరం తగ్గదు సరికదా, నిజమైన నింద ఇంకా ప్రమాదకరం. అచ్చేశాడా లేదా అన్నదే జ్యూరీ తేల్చాలి. అబద్ధమైతేనే అది నేరమని హామిల్టన్ నేరుగా జ్యూరీకే విన్నవించాడు. జ్యూరీ కొద్దిసేపట్లోనే నిర్దోషి అని తేల్చింది. చట్టం మాత్రం వెంటనే మారలేదు. సత్యాన్ని రక్షణగా ఒప్పుకుంటూ న్యూయార్క్ రాష్ట్రం చట్టం చేసింది 1805లో.

ఇదే ఆలోచన మన దగ్గరికి వచ్చేసరికి దారి తప్పింది. 1859లో 'ఆన్ లిబర్టీ' రాసి భావస్వేచ్ఛకు గట్టి వాదన అందించిన జాన్ స్టువర్ట్ మిల్, అంతకు ముందు 35 ఏళ్లు లండన్‌లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. తన సిద్ధాంతం వెనుకబడిన సమాజాలకు వర్తించదని ఆ పుస్తకంలోనే మినహాయింపు పెట్టాడు. ఆ మినహాయింపు ఖరీదు మనవాళ్లు కట్టారు. 1908లో బెజవాడ 'స్వరాజ్య' పత్రికలోని వ్యాసానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావును రాజద్రోహ నేరం కింద జైలుకు పంపారు. రాసింది నిజమా కాదా అన్న ప్రశ్నకు అక్కడ చోటే లేదు.

ఇరవయ్యో శతాబ్దంలో అసలు చిక్కు బయటపడింది: పత్రికకు స్వేచ్ఛ ఉన్నా వార్త నిజమవుతుందా? 1920లో వాల్టర్ లిప్‌మన్ మరో సహచరుడితో కలిసి రష్యా విప్లవంపై 'న్యూయార్క్ టైమ్స్' వార్తలను పరిశీలించాడు. జరిగినదానికంటే, జరగాలని కోరుకున్నదే ఎక్కువ అచ్చయిందని తేల్చాడు. ప్రజలు ప్రపంచాన్ని తమ తలలోని బొమ్మల ద్వారానే చూస్తారని, కాబట్టి నిపుణులు వడపోసిన సమాచారం అవసరమని ఆయన వాదన. తత్వవేత్త జాన్ డ్యూయీ ఆ నిర్ధారణను మెచ్చుకుంటూనే మందును కాదన్నాడు. ప్రజలు మాట్లాడుకోవాలి, అప్పుడే నేర్చుకుంటారన్నాడు. అన్నట్టు 1892లో మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్‌లో ఉన్నప్పుడు డ్యూయీ 'థాట్ న్యూస్' అనే పత్రిక పెడతానని ప్రకటించాడు. ఒక్క సంచికా రాలేదు.

వీసాల మీద ఉన్నవారికి ఇదంతా పాత కథ కాదు. ఈ దేశంలో నివసించే విదేశీయులకూ వాక్, పత్రికా స్వేచ్ఛ ఉంటుందని 1945లో బ్రిడ్జెస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఇమ్మిగ్రేషన్ వ్యవహారాల్లో ఆ రక్షణ ఎంతవరకన్నది కోర్టుల్లో ఇంకా నలుగుతూనే ఉంది. 1964లో 'న్యూయార్క్ టైమ్స్' వర్సెస్ సలివన్ తీర్పు, అబద్ధమని తెలిసి లేదా నిజానిజాలను లెక్కచేయకుండా రాస్తే తప్ప ప్రభుత్వాధికారులు పరువునష్టం గెలవలేరని తేల్చింది. ఆ తీర్పు ఫుట్‌నోట్‌లో మిల్, మిల్టన్ ఇద్దరూ కనిపిస్తారు. పదేళ్లకు గెర్ట్జ్ కేసులో మాత్రం ప్రైవేటు వ్యక్తుల విషయంలో అంత వెసులుబాటు లేదని, రాసినవాడి అజాగ్రత్త రుజువైనా పరిహారం ఇప్పించవచ్చని కోర్టు చెప్పింది. సంఘం ఎన్నికలప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో ఒకరి మీద వచ్చినదల్లా ఫార్వర్డ్ చేసేవారు ఒకసారి చదవాల్సింది ఈ రెండో తీర్పునే.