రైతు ఇంటికే నడిచి వచ్చే విత్తనాల జాతర

కర్దనూర్: సంక్రాంతి వచ్చిందంటే పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్ల జనానికి నాంపల్లి నుమాయిష్ గుర్తుకు వస్తుంది. ముంబయి రోడ్డెక్కి హైదరాబాదు దిక్కుకు పోతే చాలు. పిల్లలకు జెయింటు వీలు, ఆడవారికి గాజులు, దుప్పట్లు, అందరికీ వేడి వేడి మిర్చి బజ్జీలు. అయితే అదే రోడ్డు మీద పడమటి దిక్కుకు, అంటే జహీరాబాదు వైపు పోతే, అదే నెలలో మరో ప్రదర్శన జరుగుతుంది. దానికి టిక్కెట్టు లేదు, గేటు లేదు. అది ఒకచోట నిలవదు కూడా. ఎడ్ల బండ్ల మీద ఊరి నుంచి ఊరికి తిరుగుతుంది. దాని పేరు పాత పంటల జాతర.

మన సంగారెడ్డి జిల్లాలోనే పాతికేళ్లుగా ఈ జాతర సాగుతోంది. దేశ విదేశాల నుంచి వచ్చి చూసి పోయినవారు ఉన్నారు. కర్దనూర్, పాటి, ఘన్‌పూర్ వైపు మాత్రం దాని ప్రస్తావన తక్కువే. పొలాలు ప్లాట్లయిన చోట విత్తనాల ముచ్చట ఎవరికి కావాలి అనిపించవచ్చు. కానీ ఆ ముచ్చటలో మన ఊళ్ల కథ కూడా కలిసి ఉంది.

ప్రదర్శనలు పుట్టిన తీరు

వ్యవసాయ ప్రదర్శన అనేది కొత్త వింత కాదు. ఇంగ్లండులో రాయల్ షో అనే పేరుగల వ్యవసాయ ప్రదర్శన 1839లో మొదలైంది. మేలు జాతి పశువులను, కొత్త యంత్రాలను అక్కడికి తోలుకొచ్చి చూపేవారు. నూట డెబ్బయి ఏళ్లు నడిచి 2009లో అది ఆగిపోయింది. మన వైపు నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్న యువకులు కొందరు కలిసి, స్వదేశీ సరుకు నలుగురికీ తెలియాలని దానిని పెట్టారు. అందుకే దానికి ‘మస్నూఆతే ముల్కీ’, అంటే ముల్కీ సరుకుల నుమాయిష్ అని పేరు. ఆరంభంలో వారి చేతిలో ఉన్న సొమ్ము రెండున్నర రూపాయలని చెబుతారు. 1946లో ఇప్పుడున్న నాంపల్లి మైదానానికి మారింది.

ఇక స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత సర్కారు వారి రైతు సదస్సులు, కిసాన్ మేళాలు వచ్చాయి. 1964లో సి.ఎస్.హెచ్.-1 అనే మొదటి హైబ్రిడ్ జొన్న విడుదలైంది. ఆ తర్వాత ఏటేటా కొత్త రకాలు, కొత్త ఎరువులు, కొత్త మందులు. వాటిని చూపి, వాడమని చెప్పడానికే ఈ మేళాలు. వాటి వల్ల దిగుబడి పెరిగిన మాట నిజం. దానిని కాదనడం అన్యాయం. అయితే రైతు అక్కడ వినేవాడే గాని చెప్పేవాడు కాదు. తన ఇంట్లో గుమ్మిలో ఉన్న గింజ గురించి అడిగినవారు లేరు.

1983లో రెండు సంగతులు

పాత పంటల జాతర సంగతి తెలియాలంటే 1983 దాకా వెనక్కి పోవాలి. ఆ సంవత్సరమే ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. పేద ఇంటి పొయ్యి మీద ఎసరు పెట్టించిన పథకం అది, ఆ మేలు మరువలేనిది. కానీ జహీరాబాదు వంటి మెట్ట ప్రాంతంలో దానికి ఇంకో ముఖం కూడా ఉంది. రెండు రూపాయలకు బియ్యం దొరుకుతుంటే జొన్న ఎందుకు విత్తాలి, కోయాలి, దంచాలి? జొన్న చేను కాస్తా చెరకుకు, ఆలుగడ్డకు, అల్లానికి, తర్వాత పత్తికి పోయింది. నీటి వసతి లేని చెలకలు బీడు పడ్డాయి. జొన్నతో పాటు పశువుల మేతకు చొప్పా తగ్గింది.

అదే 1983లో జహీరాబాదు పక్కన పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ ఏర్పడింది. దానిని స్థాపించిన వారిలో ముఖ్యులు పి.వి. సతీష్. మైసూరు వైపు ఆయన. దూరదర్శన్‌లో కార్యక్రమాలు తీసే ఉద్యోగం చేసి, దానిని వదిలి ఈ పల్లెలకు వచ్చారు. ఊరూరా మహిళా సంఘాలు పెట్టారు. సభ్యుల్లో ఎక్కువ మంది దళిత స్త్రీలు. వారి చేతిలో ఉన్నది ఎకరమో రెండెకరాలో, అదీ రాళ్ల చెలక.

వారు బీడు దున్నారు. 1990వ దశకం మధ్యలో సుమారు ముప్పయి గ్రామాల్లో ఇలా బీళ్లను సాగులోకి తెచ్చి, పండిన జొన్నలో కొంత భాగాన్ని ఊళ్లోనే నిల్వ చేసి, ఊళ్లోని పేదలకే తక్కువ ధరకు ఇచ్చే పద్ధతి పెట్టుకున్నారు. రేషను దుకాణం మాదిరే, కాకపోతే ఏ ఊరి గింజ ఆ ఊరిదే. ఎవరికి ఎంత అవసరమో సంఘం వారే కూర్చుని లెక్క తేల్చుకునేవారు.

అప్పుడే అసలు చిక్కు తెలిసింది. భూమి ఉంది, చేతులున్నాయి, విత్తనం లేదు. ఇరవై ఏళ్ల కింద అందరి ఇళ్లలో ఉన్న కొర్ర, సామ, తైద విత్తనాలు వెతికినా దొరకలేదు. ఏ మూల ఊళ్లోనో ఒక ముసలమ్మ ఇంట్లో శేరో సోలెడో ఉంటే దానిని తెచ్చి విత్తి, పెంచి, పంచారు. కిలో అప్పు తీసుకున్నవారు మరుసటి పంటకు రెండు కిలోలు తిరిగి ఇవ్వాలి. విత్తన బ్యాంకులు అలా ఏర్పడ్డాయి. వాటికి తాళాలు వేసేదీ తీసేదీ ఆడవారే.

2000 సంవత్సరం అటూ ఇటుగా ఆ విత్తనాలను బండ్ల మీద పెట్టి ఊళ్లు తిప్పడం మొదలుపెట్టారు. అదే జాతర అయింది.

బండి వచ్చిన రోజు

జనవరి 14న, సంక్రాంతి నాడు జాతర కదులుతుంది. జహీరాబాదు, ఝరాసంగం, న్యాల్‌కల్, రాయికోడ్ వైపు ఊళ్లను చుట్టి ఫిబ్రవరి నెల మధ్యలో ముగుస్తుంది. ఆ కాలాన్ని ఎంచుకోవడంలో తెలివి ఉంది. పునాస పంట ఇల్లు చేరి ఉంటుంది. యాసంగి జొన్న, శనగ, కుసుమ చేలలో ఉంటాయి. రైతుకు కాస్త తీరిక, కళ్ల ముందు పంట, వచ్చే ఏడు ఏం విత్తాలన్న ఆలోచన, మూడూ ఒక్కసారే ఉండే రోజులవి.

బండ్లకు జొన్న కంకులు, సజ్జ కంకులు, మామిడాకులు కడతారు. ఎడ్ల కొమ్ములకు రంగులు పూస్తారు. బండి మీద గంపల్లో, మట్టి కుండల్లో, గురుగుల్లో విత్తనాలు పోసి పెడతారు. ఊరి పొలిమేరలోకి రాగానే డప్పులతో ఎదురు వస్తారు. ఎడ్ల కాళ్లకు నీళ్లు పోసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొడతారు. కోలాటం వేస్తూ పాటలు పాడుతూ ఊరి నడిమికి తీసుకుపోతారు. చూసేవారికి దేవుడి రథమే వస్తున్నదా అనిపిస్తుంది. దేవుడు లేడనీ చెప్పలేము, విత్తనానికి మొక్కడం మన రైతుకు కొత్త కాదు.

ఊరి నడిమిన గంపలు దింపిన తర్వాత అసలు జాతర. పచ్చ జొన్న, తెల్ల జొన్న, ఒకే పొట్టులో రెండు గింజలుండే అత్తాకోడళ్ల జొన్న, సజ్జ, కొర్ర, సామ, తైద, ఎర్ర కంది, తెల్ల కంది, నల్ల కంది, బెబ్బర్లు, ఉలవలు, అవిసె, కుసుమ, నువ్వులు... రకాల లెక్క పదుల్లో ఉంటుంది. పెద్దవారు గింజను అరచేతిలో పోసుకుని, నోట్లో వేసుకుని కొరికి చూస్తారు. తమ చిన్నతనంలో తిన్నది ఇదేనా కాదా అని తేల్చుకుంటారు. పడుచువారిలో చాలామందికి సామకూ కొర్రకూ తేడా తెలియదు. వారికి తెలిపే పని అక్కడున్న ముసలివారిదే.

తర్వాత కూర్చుని మాట్లాడుకుంటారు. ఏ నేలకు ఏది, ఎన్ని వానలకు ఏది, ఏది దేనితో కలిపి విత్తాలి. ఒకే చేనులో పది పన్నెండు పంటలు కలిపి వేయడం అక్కడి పద్ధతి. వాన ముందు పోతే ఒకటి దెబ్బ తింటుంది, వెనక పోతే ఇంకొకటి. అన్నీ ఒకేసారి పోవు. యాసంగిలో రేగడి నేల తేమకూ, రాత్రి కురిసే మంచుకూ పండేవాటిని అక్కడివారు సత్యం పంటలంటారు. వాటికి బోరు అక్కర లేదు.

ధర ఎంత, కొనేది ఎవరు అనే ప్రశ్న ఏ రైతు సభలోనూ తప్పదు. దానికి తేలికైన జవాబు జాతర దగ్గర కూడా లేదు. కొర్ర, సామ పండించడం ఒక ఎత్తు, పొట్టు తీయడం ఒక ఎత్తు. దంచే రోజులు పోయాయి, ఊరూరా మర లేదు.

ఈ జాతర సర్కారు లెక్కల్లోకి ఎక్కిన సందర్భం కూడా ఒకటుంది. 2000లో కేంద్ర ప్రభుత్వం దేశంలోని జీవవైవిధ్యాన్ని కాపాడేందుకు ప్రణాళిక రాయించింది. అందులో దక్కన్ ప్రాంతం భాగాన్ని ఈ సంస్థకు అప్పగించారు. వారు బండ్ల వెంట తిరిగి, గంపల ముందు కూర్చున్న రైతులను అడిగి రాశారు. చదువు రాని ఆడవారి మాట ప్రణాళికకు ఎక్కడం చిన్న సంగతి కాదు.

రెండు గిడ్డంగులు

ఇక్కడ కర్దనూర్ వైపు రావాలి. పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ 1972లో ఏర్పడింది. దాదాపు మూడున్నర వేల ఎకరాల క్షేత్రం. దాని కోసం మన్మూల్, కాచిరెడ్డిపల్లి గ్రామాలు లేచిపోయాయి. 1975లో ఇందిరాగాంధీ వచ్చి శంకుస్థాపన చేశారు. ఆ క్షేత్రంలో విత్తనాల గిడ్డంగి ఒకటి ఉంది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, తైద, చిరుధాన్యాలు కలిపి లక్షా ఇరవై వేలకు పైగా నమూనాలు. ఎన్నెన్నో దేశాల రైతుల చేలలో నుంచి తెచ్చినవి. సున్నాకు ఇరవై డిగ్రీలు దిగువన చలిగదిలో దాస్తారు. అక్కడికేదైనా ప్రమాదం వస్తే ఎలా అని, నార్వే దేశంలో మంచు కొండ లోపల 2008లో తెరిచిన స్వాల్‌బార్డ్ గిడ్డంగికి కూడా వాటి నకళ్లు పంపారు.

అంటే జిల్లాకు ఈ చివర ఒక విత్తన గిడ్డంగి, ఆ చివర ఒక విత్తన గిడ్డంగి. ఈ చివర కరెంటుతో నడిచేది, ఆ చివర బూడిద, వేపాకు, ఎర్రమట్టితో నడిచేది. జహీరాబాదు ఆడవారు చేను కోయక ముందే మంచి కంకులు చూసుకుని వేరు చేస్తారు. ఎండబెట్టి, బూడిద కలిపి, వేపాకు వేసి, గంపలో పోసి మూతికి పేడా మట్టీ అలుకుతారు. రెండూ అవసరమే. చలిగదిలోది పదుల ఏళ్లు చెడదు. గంపలోది ఏటా విత్తితేనే ఉంటుంది, ఒక్క ఏడు మరిచినా పోతుంది. కానీ ఏటా వానకు, ఎండకు, పురుగుకు అలవాటు పడుతూ వచ్చేది గంపలోదే.

ఈ రెండింటి నడుమ పటాన్‌చెరు వైపు ఊళ్ల గంపలు ఖాళీ అయ్యాయి. 1970వ దశకం నుంచి ఫ్యాక్టరీలు వచ్చాయి, కూలికి పోయేవారికి నెల జీతం వచ్చింది. వాటి వెనుకే వ్యర్థ జలాలూ వచ్చాయి. నక్కవాగు వెంట పొలాలు, బావులు పాడైపోయాయని 1990లో సుప్రీంకోర్టు దాకా వ్యాజ్యం పోయింది. రైతులకు నష్టపరిహారం ఇప్పించవలసి వచ్చింది. ఆ తర్వాత రింగు రోడ్డు, వెంచర్లు. ఎకరం ధర కోట్లలో ఉన్న చోట జొన్న విత్తమని చెప్పేవాడిని పిచ్చివాడంటారు. కానీ ఇంకా నాలుగు కుంటలు మిగిలిన ఇళ్లు ఉన్నాయి, పెరళ్లున్నాయి. కంది, అనప, బెబ్బర పెరట్లో కూడా కాస్తాయి.

సతీష్ 2023 మార్చి 19న కన్నుమూశారు. పస్తాపూర్‌లోనే అంత్యక్రియలు జరిగాయి. ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన ఏడాది అది. చిరుధాన్యాలకు అంత పేరు రాక ముందు నుంచే వాటి వెంట తిరిగిన మనిషి ఆ ఏడే పోవడం అక్కడివారిని బాధించింది. అంతకు ముందు 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఆ సంస్థకు దక్కింది. ఆయన పోయిన తర్వాత కూడా బండ్లు కదిలాయి.

ఇప్పుడు ఉన్న చింత ఎడ్ల గురించి. ట్రాక్టర్లు వచ్చాక జత ఎడ్లు, మంచి బండి ఉన్న ఇల్లు తగ్గిపోయింది. ట్రాలీల మీద గంపలు పెట్టి తిప్పవచ్చు గానీ, కాళ్లు కడిగి బొట్టు పెట్టడానికి ట్రాక్టరుకు కాళ్లు లేవు కదా. విత్తనాలు దాచే ముసలమ్మల తర్వాత వారి కోడళ్లు ఆ పని పట్టుకుంటారా అనేది ఇంకా పెద్ద చింత. 2008 నుంచి మాచ్‌నూర్‌లో దళిత స్త్రీలే నడుపుతూ వచ్చిన సంగం రేడియోలో వారి పాటలు, సాగు ముచ్చట్లు వినిపిస్తూ వచ్చాయి. విన్నది వేరు, చేతితో కంకి ఏరడం వేరు.

జాతర ముగిసేది ఝరాసంగం మండలం మాచ్‌నూర్‌లో, ఫిబ్రవరి మధ్యలో. పటాన్‌చెరులో జహీరాబాదు బస్సు ఎక్కితే అక్కడి నుంచి ఝరాసంగం వైపు బండ్లు దొరుకుతాయి. కేతకీ సంగమేశ్వరుని దర్శనానికి పోయేవారు అదే దారిన చూసి రావచ్చు.