నేర్చుకునే పిల్లల పాట రికార్డు చేస్తున్నరా? ముందుగాల అడుగున్రి

ఇప్పుడు ఏ ఊర్లనైనా పిల్లలకు డప్పు నేర్పినా, కోలాటం నేర్పినా, బడిల వార్షికోత్సవానికి పాట ప్రాక్టీస్ చేయించినా, నేర్చుకునేటోళ్ల కన్నా ఫోన్ పట్టుకున్నోళ్లే ఎక్కువ కనపడుతున్నరు. పిల్ల మొదటి దరువు సక్కగ కొట్టకముందే ఆమె వీడియో స్టేటస్‌ల ఉంటది. మాపటికి రీల్ అయితది. తెల్లారేసరికి ముక్కు మొఖం తెల్వనోళ్ల ఛానల్ల కూడా ఉంటది. దీని మీద మాట్లాడితే "అన్నా, ప్రచారమే కదా, మంచిదే కదా" అంటున్నరు కొందరు తమ్ముళ్లు. కొంత నిజమే, కొంత కాదు. ఏది నిజమో, ఏది కాదో, చట్టం ఏమంటున్నదో నాకు తెలిసినకాడికి చెప్త.

ముందుగాల ఒక మాట. నేను ఫోన్ బంద్ పెట్టమంటలేను. నేర్చుకునేటోనికి ఫోన్ అంత మంచి అద్దం ఇంకోటి లేదు. మన గొంతు మనకు ఇనపడే తీరు వేరే, ఎదుటోళ్లకు ఇనపడే తీరు వేరే. మనం పాడుతుంటే ఆ చప్పుడు గాలి నుంచే కాదు, పుర్రె ఎముకల నుంచి కూడా మన చెవులకు చేరుతది. గందుకే మన గొంతు మనకు లావుగ, నిండుగ ఇనపడుతది. రికార్డు ఇన్నప్పుడు "ఇది నా గొంతేనా?" అని అందరికీ అనిపించేది ఇందుకే. శ్రుతి ఎక్కడ జారిందో ఆ రికార్డుల దొరుకుతది. డప్పు కూడా అంతే. కొత్తగ కొట్టేటోళ్లు సంబురంల దరువును ఉరికిస్తరు. కొట్టేటప్పుడు వాళ్లకు తెల్వదు, మాస్టర్ చెప్పినా నమ్మరు. మొదటి నిమిషం, మూడో నిమిషం పక్కపక్కన పెట్టి ఇనిపిస్తే ఎవలూ ఏం చెప్పే పనిలేదు.

ఇంకో సంగతి. మన ఊరి కళలు ఎక్కువ మటుకు పుస్తకాల్ల లేవు. గురువు నోరే పుస్తకం. నారాయణపేట జిల్లా బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్ప, పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య, కోయ ఇలవేల్పుల కథలు చెప్పిన సకిని రామచంద్రయ్య, వీళ్లకు పద్మశ్రీలు వచ్చినంక మనం పేర్లు తెలుసుకున్నం. రామచంద్రయ్య 2024ల పోయిండు. ఆయన కథ ఎంత రికార్డు అయ్యిందో, ఎంత మందికి నేర్పిండో, అంతే మనకు మిగిలినట్టు. గందుకే గురువు దగ్గర కూసొని పాఠం రికార్డు చేసుకునే పోరడు దొంగ కాదు. చట్టం కూడా అదే అంటది. 1957 కాపీరైట్ చట్టంల 39వ సెక్షన్ ఉన్నది. సొంత వాడకానికి గానీ, నిజంగ నేర్పుడు, నేర్చుకునుడు, పరిశోధన కోసం గానీ రికార్డు చేసుకుంటే అది కళాకారుని హక్కును దెబ్బతీసినట్టు కాదు అని దాని భావం. అయినా గురువును అడిగి చేసుకునుడు మర్యాద.

పాఠం కోసం తీసిన వీడియో లోకం మీదికి పోయినప్పుడు మొదలైతది అసలు లొల్లి.

ఒక ఊర్ల ఎండకాలం డప్పు శిబిరం పెట్టిన్రు. ఊరు పేరు చెప్పను, పిల్ల పేరు అసలే చెప్పను. తొమ్మిదో తరగతి పిల్ల, వారం దినాలల్లనే సిర్ర, సిటికెన పుల్ల రెండూ మంచిగ పట్టింది. ఒకరోజు దరువు తప్పింది, నవ్వింది, మల్ల కొట్టింది. ఎవలో తీసిన ఆ ముక్క ఒక ఛానల్ల పడ్డది. కింద కామెంట్లల్ల కొందరు తప్పును పట్టుకొని నవ్విన్రు. కొందరు ఆడపిల్లకు డప్పేంది అన్నరు. ఇంకొందరు కులం పేరు పెట్టి తిట్టిన్రు. డప్పు అనంగనే కులం యాదికొచ్చే దేశం మనది, ఆ తిట్లు ఎట్లుంటయో నేను రాయనక్కర లేదు. వాళ్ల నాయిన ఆ కామెంట్లు చదివి పిల్లను శిబిరం మాన్పించిండు. ఆయనను తప్పు పట్టేందుకు నాకు నోరు రాలేదు. వీడియో పెట్టినోడు "నేను మంచిగనే పెట్టిన" అన్నడు. అది కూడా అబద్ధం కాకపోవచ్చు.

నేర్చుకునే జాగ అంటే తప్పులు చేసే జాగ. తప్పు చేసుడే అక్కడ పని. ఆ జాగల ఎప్పుడూ ఫోన్ లేసి ఉంటే పిల్లలు రెండు తీర్ల చెడుతరు. సిగ్గున్నోళ్లు గొంతు ఎత్తరు. సిగ్గు లేనోళ్లు పాఠం ఇడిసిపెట్టి ఫోన్ కోసం ఆడుతరు. డప్పు మాస్టర్లను ఎవలనన్నా అడుగున్రి, ఈ ముచ్చట వాళ్లు నాకన్నా మంచిగ చెప్తరు.

ఇగ చట్టం సంగతికి వద్దాం. మన పోరగాళ్లల్ల గట్టిగ పాతుకున్న నమ్మకం ఒకటున్నది: "ఇది జానపదం, ఊరి పాట, దీని మీద ఎవలకు హక్కు ఉంటది?" పాట రాసినోళ్లు ఎవలో తెల్వని పాత పాట మీద, నిజమే, ఎవలూ కాపీరైట్ చెప్పుకోలేరు. కానీ పాట వేరు, పాడుడు వేరు. పాడినామెకు కళాకారుల హక్కు అని వేరే ఉన్నది. అదే కాపీరైట్ చట్టంల 38వ సెక్షన్ చూడున్రి. పాడేటోళ్లు, వాయించేటోళ్లు, ఆడేటోళ్లు, గారడీ చేసేటోళ్లు, పాములు ఆడించేటోళ్లు, ఉపన్యాసం చెప్పేటోళ్లు అందరూ కళాకారుల కిందికే వస్తరు. వాళ్లు డిగ్రీ చదివి ఉండాలని లేదు, స్టేజీ ఎక్కి ఉండాలని లేదు, పేరు మోసి ఉండాలని అసలే లేదు. మీ అమ్మమ్మ బతుకమ్మ కాడ పాడినా ఆమె కళాకారిణే.

ఆ హక్కు 50 ఏండ్లు ఉంటది. పాడుడును రికార్డు చేసుడు, కాపీలు తీసుడు, జనంలకు పంపుడు, ఇవన్నీ ఆమె ఒప్పుకుంటేనే. సొంతానికి తీసుకున్న దాన్ని తెచ్చి ఛానల్ల పెడితే 39వ సెక్షన్ ఇచ్చిన మినహాయింపు పోయినట్టే. "కెమెరా నాది, ఎడిటింగ్ నాది" అంటరు. వీడియో మీద తీసినోనికి హక్కు ఉంటది, కాదనను. కానీ ఆ హక్కు పాడినామె హక్కును మింగదు.

2012ల చట్టాన్ని సవరించినప్పుడు 38బి అని ఇంకోటి కలిపిన్రు. కళాకారులు తమ పేరు వేయమని అడగొచ్చు. తమ ఇజ్జత్ పోయే తీరుగ ముక్కలు చేసి, మార్చి చూపెడితే వద్దని ఆపొచ్చు. టైంకు సరిపోను కోసుకునుడు తప్పు కాదు గానీ, దరువు తప్పిన ముక్కనే కోసి నవ్వుల మ్యూజిక్ పెట్టుడు వేరే ముచ్చట. పేరు సంగతి చిన్నదేం కాదు. 1902ల గ్రామఫోన్ కంపెనీ నుంచి గైస్‌బర్గ్ అనే తెల్లాయన కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలు రికార్డు చేసిండు. మూడు నిమిషాల పాట అయినంక ఆమె తన పేరు తానే రికార్డుల పలికేది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీల, అక్కడోళ్లకు ఎవలు పాడిన్రో తెల్వాలని. ఆ పని ఇప్పుడు డిస్క్రిప్షన్ల ఒక లైన్ రాస్తే అయిపోతది. అది కూడా రాయరు మనోళ్లు. "పల్లె పాప సూపర్ సాంగ్" అని పెడతరు. పాపకు పేరు లేదా?

పిల్లల కాడికి వస్తే సంగతి ఇంకా గట్టిగ ఉంటది. ఈ మధ్య జానపదం ఛానళ్లు పదిహేను, పదహారేండ్ల పిల్లలతోని కాయితాల మీద సంతకాలు పెట్టించుకుంటున్నయని ఇంటున్న. 18 ఏండ్లు నిండనోళ్లు పెట్టిన ఒప్పందం మన దేశంల చెల్లదు. 1872 కాంట్రాక్ట్ చట్టం అదే చెప్తది, 1903ల ప్రివీ కౌన్సిల్ మొహరీ బీబీ కేసుల తేల్చింది కూడా అదే. "నువ్వు సంతకం పెట్టినవ్, మూడేండ్లు వేరేకాడ పాడొద్దు" అని పిల్లను ఎవలన్నా బెదిరిస్తే భయపడే పని లేదు. రాసుకునేదేదో తల్లిదండ్రులతోని రాసుకోవాలె, అది పిల్ల మేలుకే ఉండాలె.

14 ఏండ్లు నిండని పిల్లలను పైసల కోసం తీసే షూటింగుల వాడుకుంటే బాల కార్మిక చట్టం వస్తది. కళాకారులుగ పిల్లలు పని చేయొచ్చని ఆ చట్టం ఒప్పుకుంటది గానీ షరతులు పెట్టింది. జిల్లా మెజిస్ట్రేట్, అంటే మన కలెక్టర్ పర్మిషన్ తీసుకోవాలె. రోజుకు 5 గంటలు దాటొద్దు, మధ్యల రెస్టు లేకుండ 3 గంటలు దాటొద్దు. వచ్చిన సంపాదనల కనీసం 20 శాతం పిల్ల పేరు మీద జాతీయ బ్యాంకుల ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలె. ఈ 20 శాతం ముచ్చట ఏ పల్లె ఛానల్ ఆఫీసుల అడిగినా మొఖం తెల్లబోతది. అడుగుడు మాత్రం మానొద్దు.

2023ల వచ్చిన డిజిటల్ డేటా చట్టం కూడా 18 ఏండ్ల లోపోళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల ఒప్పుకోలు ఉండాలంటది. దాని రూల్స్ 2025 నవంబర్ల వచ్చినయి, అసలు షరతులు అమలు కావడానికి 18 నెలల గడువు పెట్టిన్రు. ఇంట్ల సొంతానికి దాచుకున్న ఫొటోల జోలికి ఆ చట్టం రాదు. శిబిరాలు నడిపే సంఘాలు, ఇన్‌స్టిట్యూట్లు మాత్రం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోవాలె.

బడి ప్రోగ్రాముల ఇంకో చిక్కున్నది. పిల్లలు సినిమా పాటకు డ్యాన్స్ చేస్తరు, హెడ్మాస్టర్ ఫేస్‌బుక్ లైవ్ పెడతడు, సగంల ఆడియో పోతది. "మేం చిన్న బడోళ్లం, మా మీద పడ్డరేంది" అని తిట్టుకుంటరు. సంగతేందంటే, బడిల సార్లు, పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు ఉన్న సభల ఆ పాట వేసుకుంటే తప్పు లేదని చట్టం 52వ సెక్షన్ల చెప్తది. నెట్ల పెట్టినంక చూసేటోళ్లు తల్లిదండ్రులు మాత్రమే కాదు కదా. మన పాటే మనం పాడుకుంటే ఈ తిప్పలుండదు. ఇది చట్టం కాదు, నా సలహా.

మరి రికార్డు ఎట్ల చేయాలె? మా దోస్తులు నడిపే శిబిరాలల్ల ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నరు. మొదటి రోజే తల్లినో తండ్రినో పిలిచి తెలుగుల రాసిన కాయితం చదివి ఇనిపిస్తరు. మూడు ప్రశ్నలే ఉంటయి: పాఠం కోసం రికార్డు చేయొచ్చా, తల్లిదండ్రుల గ్రూపుల పెట్టొచ్చా, బయట పెట్టొచ్చా. మూడింటికి వేరువేరుగ అవును, కాదు అని రాయాలె. పెద్దోళ్లు ఒప్పుకున్నా పిల్ల వద్దంటే వద్దే. క్లాసుల ఒక్క ఫోనే ఉంటది, అది మాస్టర్‌ది. శిబిరం అయిపోయినంక ఎవల ముక్క వాళ్లకిచ్చి, మిగిలినయి తుడిపేస్తరు. మొదట్ల "గింత రాతకోతలా" అన్నోళ్లు ఉన్నరు. ఆడపిల్లల తల్లులు మాత్రం ఒక్కరు కూడా అనలేదు.

తీసేటప్పుడు డప్పుకు దగ్గర ఫోన్ పెట్టొద్దు. దెబ్బ పడంగనే ఫోన్ తనంతట తాను మైక్ తగ్గించుకుంటది, వెనకొచ్చే సిటికెన పుల్ల చప్పుడు మాయమైతది. పది పదిహేను అడుగుల దూరంల పెట్టి చూడున్రి. పాఠం ఇనుడు కోసం అయితే వీడియో అక్కరనే లేదు, ఆడియో చాలు. మొఖం కనపడదు, మెమొరీ నిండదు. వాట్సాప్‌ల మామూలుగ పంపితే వీడియో నలిగిపోతది, డాక్యుమెంట్ లెక్క పంపితే ఉన్నది ఉన్నట్టు పోతది. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌ల పెట్టుడు మరవొద్దు, దరువు నడిమిట్ల లోన్ ఆఫీసోని ఫోన్ వస్తే అంతే సంగతులు.

ఇప్పటికే ఎవలదన్నా పిల్లల వీడియో అడగకుండ పడి ఉంటే, పెట్టినోళ్లను ముందు మంచిగ అడుగున్రి. ఊరోడే అయితే చాలా సార్లు తీసేస్తడు. ఇనకపోతే యూట్యూబ్‌ల ప్రైవసీ కంప్లయింట్ ఉంటది. అది ఆ మనిషే పెట్టాలె, చిన్న పిల్లలైతే తల్లిదండ్రులు పెట్టాలె, దోస్తులు పెడితే తీసుకోరు. వీడియో లింకు, పిల్ల ఏ నిమిషంల కనపడుతదో ఆ టైము రాయాలె. పెట్టినోనికి తీసేసేందుకు 48 గంటలు ఇయ్యొచ్చు, ఆ తర్వాత కంపెనీ చూస్తది. కామెంట్లల్ల కులం పేరుతోని తిట్టినా, పిల్ల మీద పాడు మాటలు రాసినా, ముందు స్క్రీన్‌షాట్ తీసి పెట్టున్రి. తీసేసినంక రుజువు దొరకదు. పిల్లలకు ఆపద అనిపిస్తే 1098కి ఫోన్ చేయొచ్చు, పైసలు పడయి. ఛానల్ మీదే అయితే సెట్టింగుల్లకు పోయి పిల్లల వీడియోల కింద కామెంట్లు బంద్ పెట్టున్రి. 2019ల యూట్యూబే పిల్లలు కనపడే చానా వీడియోలకు ఆ పని చేసింది.