ఏ రోడ్డుకు ఎప్పుడు తారు వేయాలి?

రోడ్డు ఒక్కరోజులో పాడవదు. ముందు సన్నని పగుళ్లు వస్తాయి. వాటిలోకి నీళ్లు దిగుతాయి. లారీల బరువుకు గుంతలు పడతాయి. పగుళ్ల దశలోనే పైన పలచగా తారు వేస్తే తక్కువలో పోతుంది, ఆలస్యమైతే తవ్వి మళ్లీ వేయాల్సిందే. అలాగని అన్ని రోడ్లకూ ముందే మందంగా వేస్తే ఖజానా చాలదు.

1970ల చివర్లో అమెరికాలోని అరిజోనా రాష్ట్ర రవాణా శాఖను వేధించిన సమస్య ఇదే. 7,400 మైళ్ల రోడ్లు, కొన్ని ఎడారి ఎండలో, కొన్ని మంచు కురిసే కొండల్లో. నిధులేమో పరిమితం.

ఇలాంటి చిక్కులకు పనికొచ్చే గణితానికి 1950ల్లో రిచర్డ్ బెల్‌మన్ పునాది వేశాడు. దాని పేరు మార్కోవ్ డెసిషన్ ప్రాసెస్. ఇందులో చూసేవి నాలుగే: ఇప్పుడున్న పరిస్థితి, చేయగలిగిన పనులు, వాటి ఖర్చు, ఒక్కో పని చేస్తే వచ్చే ఏడాది పరిస్థితి ఎలా ఉండొచ్చు అన్న సంభావ్యత.

ఓ చిన్న లెక్క చూద్దాం. పగుళ్లు పట్టిన రోడ్డుకు ఇప్పుడు మరమ్మతు చేస్తే 15 లక్షలు. వదిలేస్తే, ఏడాదిలో పూర్తిగా పాడయ్యే అవకాశం సగానికి సగం, అప్పుడు 50 లక్షలు. అంటే ఆగితే సగటున 25 లక్షల భారం. ఇప్పుడే చేయడం మేలు. అదే పాడయ్యే అవకాశం నాలుగింట ఒక వంతే అయితే భారం పన్నెండున్నర లక్షలు, ఆగడమే లాభం. పగుళ్లు ఒకటే అయినా, ఎక్కడున్న రోడ్డన్నదాన్ని బట్టి నిర్ణయం మారిపోతుంది. ఏళ్ల తరబడి లెక్క వేయాలంటే బెల్‌మన్ పద్ధతిలో చివరి ఏడాది దగ్గర మొదలుపెట్టి వెనక్కి వస్తారు.

అరిజోనాలో అప్పటిదాకా అయిదు అంగుళాల తారు వేయడం మామూలు. మూడు అంగుళాలు కూడా అరుదుగానే, బాగా చెడిన రోడ్లకే అవసరమని ఈ గణితంతో అక్కడ తయారుచేసిన మోడల్ తేల్చింది. 1980-81లో 4.6 కోట్ల డాలర్లు కేటాయించిన పని, నాణ్యత తగ్గకుండా 3.2 కోట్లతో అయ్యింది.

అయితే ఆ మోడల్‌లోని సంభావ్యతలు ఊహించి రాసినవి కావు. గతుకులను, పగుళ్లను కొలిచి నమోదు చేసిన రికార్డుల నుంచి తీసినవి. మన దగ్గరైనా ఈ గణితం పనిచేయాలంటే ముందు ప్రతి రోడ్డు స్థితినీ ఏటా కొలిచి రాసిపెట్టాలి. ఇంజినీరింగ్ శాఖలు ఆ పనితోనే మొదలుపెట్టాలి.