సముద్రం పెరిగితే దీవి గతేమిటి?

మాల్దీవులు ఒక చిన్న దేశం. శ్రీలంకకు నైరుతి దిక్కున, హిందూ మహాసముద్రంలో ఉంది. దేశమంటే ఒకే నేల కాదు. దాదాపు 1,200 చిన్న చిన్న దీవులు. జనం కాపురముండేవి 200 లోపే. కొన్నింటిలో ఒట్టి హోటళ్లే ఉంటాయి. ఒకప్పుడు చేపల వేటే వాళ్ల బతుకుతెరువు. 1972లో టూరిస్టులు రావడం మొదలైంది. ఇప్పుడు ఆ రాబడే పెద్దది. వచ్చేవాళ్లు చూసేది తెల్లని ఇసుక ఒడ్డునే. ఆ ఒడ్డుకే ఇప్పుడు ముప్పు వచ్చింది.

ఈ దీవులను కట్టింది పగడాలు. పగడం రాయి కాదు. సముద్రంలో బతికే చిన్న ప్రాణి. పగడాలు గూళ్లు కట్టుకుంటాయి. చచ్చినవాటి గూళ్ల మీద కొత్తవి మళ్లీ కడతాయి. అలా దిబ్బలు పెరిగాయి. వాటి ఇసుక పోగుపడి దీవులయ్యాయి. అందుకే అవి బాగా పల్లం. నూటికి 80 వంతుల నేల, సముద్రానికి ఒక్క మీటరు ఎత్తు కూడా లేదు. అంటే మనిషి నడుము దాకా.

మరి సముద్రం ఎందుకు పెరుగుతోంది? బొగ్గు, పెట్రోలు మండించిన పొగ వల్ల భూమి వేడెక్కుతోంది. నీరు వేడెక్కితే ఉబ్బుతుంది. నేల మీది మంచు కూడా కరిగి సముద్రంలో కలుస్తోంది. 1901 నుంచి 2018 దాకా సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు, అంటే జానెడు, పెరిగింది. జానెడే కదా అనుకోవచ్చు. పెద్ద పోటు వచ్చిన రోజు నీళ్లు గడప దాటేదీ లేనిదీ ఆ జానెడే తేలుస్తుంది.

ఏ దీవికి ఎంత ముప్పో లెక్క కట్టే పద్ధతి ఉంది. నేల ఎత్తు, వాలు, ఆటుపోట్లు, అలల ఎత్తు, ఒడ్డు కోతపడటం కొలుస్తారు. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు. మార్కులు ఎక్కువొస్తే సంతోషించే పరీక్ష కాదిది! ఎక్కువొస్తే ముప్పు ఎక్కువన్నమాట.

ఇందులో ఒక చిక్కుంది. అక్కడి ఇసుక ఒకచోట నిలవదు. నైరుతి రుతుపవనాలప్పుడు ఒక పక్కకు, ఈశాన్య గాలులప్పుడు ఇంకో పక్కకు జరుగుతుంది. ఒక్కసారి కొలిచి ఒడ్డు పోయిందనో, పెరిగిందనో చెప్పడం తప్పు. ఏళ్ల తరబడి కొలవాలి. ఒకచోట గోడ కడితే ఇసుక నడక ఆగి, పక్క ఒడ్డు కోసుకుపోవచ్చు.

తాగే నీళ్లనూ చూడాలి. వాననీరు ఇసుకలోకి ఇంకి, ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. బావుల్లో దొరికేది అదే. సముద్రం పైకొస్తే ఆ బావులు ఉప్పవుతాయి. అంటే దీవి మునగక ముందే నీళ్లకు కటకట వస్తుంది.

1987లో పెద్ద అలలు రాజధాని మాలేను ముంచెత్తాయి. తర్వాత జపాన్ సాయంతో ఊరి చుట్టూ గోడ కట్టారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. మన కోస్తానూ తాకిన సునామీ అదే. మాలేలోకి నీళ్లొచ్చినా గోడ చాలా కాపాడింది. కందోలుదూ దీవిలో ఇళ్లు పాడైపోయాయి. జనం ఊరు వదిలేశారు. కొన్నేళ్లు తాత్కాలిక గుడారాల్లో, షెడ్లలో గడిపి, ధువాఫరు అనే వేరే దీవిలో కట్టిన కొత్త ఇళ్లకు చేరారు.

మాలే పక్కనే 1997 నుంచి సముద్రంలో ఇసుక పోసి హుళుమాలే అనే కొత్త దీవి చేశారు. దాని ఎత్తు సుమారు 2 మీటర్లు. దూరపు చిన్న దీవుల నుంచి కూడా జనం అక్కడికి వచ్చి కాపురాలు పెట్టుకుంటున్నారు.