నాలుగు సెకన్ల జ్ఞాపకం

ముందు ఒక ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్. మీ పొడవు మిల్లీమీటరులో 500వ వంతు. కళ్లు లేవు, చెవులు లేవు, మెదడు సంగతి సరేసరి. చుట్టూ నీళ్లు. ఆ నీళ్లలో ఎక్కడో తిండి కరుగుతోంది, ఏ దిక్కునో తెలియదు. నేరుగా ఈదుదామన్నా కుదరదు. నీటి అణువులు నిరంతరం వచ్చి గుద్దుతుంటాయి కాబట్టి పది సెకన్లు తిరిగేసరికి మీ ముఖం ఇంకెటో తిరిగి ఉంటుంది. ఇప్పుడు తిండి వెతుక్కోండి.

బ్యాక్టీరియా రోజూ సాల్వ్ చేసే ప్రాబ్లమ్ ఇది. దాని సొల్యూషన్ చదివినప్పుడు, ఇంత చిన్న కోడ్‌తో పనైపోతుందా అనిపించింది నాకు. అందుకే ఈ వ్యాసం.

మనకైతే ఇది పెద్ద కష్టం కాదు. హాస్టల్ మెస్‌లో పులిహోర తాలింపు వేస్తే మూడో అంతస్తులో ఉన్నవాడికి కూడా తెలిసిపోతుంది. వాసనను గాలి మోసుకొస్తుంది, మనం తల అటూ ఇటూ తిప్పి, ఎటు ఘాటుగా ఉంటే అటు మెట్లు దిగిపోతాం. బ్యాక్టీరియా సైజులో నీళ్లు అసలు నీళ్లలాగే ప్రవర్తించవు. మెకానికల్, సివిల్ వాళ్లకు రేనాల్డ్స్ నంబర్ తెలిసే ఉంటుంది. మా సీఎస్ఈ వాళ్ల కోసం ఒక్క ముక్క: కదిలే వస్తువు జడత్వం ఎంత, ద్రవం జిగట ఎంత అనే నిష్పత్తి అది. మనిషి ఈదితే అది లక్షల్లో ఉంటుంది. బ్యాక్టీరియాకు ఒకటిలో పదివేల వంతు, ఇంకా తక్కువ కూడా. అంటే మనం చిక్కటి బెల్లం పాకంలో ఈదడం లాంటిదన్నమాట, నిజానికి అంతకన్నా ఘోరం. అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ పర్సెల్ 1976లో ఇచ్చిన ఒక లెక్చర్‌లో దీన్ని లెక్కగట్టి చూపించాడు. బ్యాక్టీరియా ఈదుతూ ఈదుతూ ఒక్కసారిగా ఆపేస్తే, ఆ ఊపులో ఎంత దూరం జారి ఆగుతుంది? ఒక పరమాణువు వెడల్పు కూడా జారదు! బైక్ ఇంజిన్ ఆఫ్ చేసిన చోటే, ఆ క్షణమే స్తంభించిపోయినట్టు.

ఇక తిండి వచ్చేది డిఫ్యూజన్ వల్ల. చక్కెర లాంటి చిన్న అణువు నీళ్లలో ఒక మైక్రోమీటరు దూరం పోవడానికి మిల్లీసెకను చాలు. అదే ఒక సెంటీమీటరు పోవాలంటే దాదాపు ఒక రోజు. దూరం పది రెట్లయితే టైమ్ వంద రెట్లు, ఓ ఆఫ్ ఎన్ స్క్వేర్ అనుకోండి. కాబట్టి దగ్గర్లో ఉన్న తిండి ఎలాగూ తనంతట తనే వచ్చి తగులుతుంది. దానికోసం ఈదితే అదనంగా దొరికేది దాదాపు ఏమీ లేదు. మరి ఈదడం ఎందుకు? ఇంకో చోట ఎక్కువ ఉందేమో చూడటానికి. పర్సెల్ చెప్పిన పోలికనే మన గేదెతో చెప్పుకోవాలంటే, ఇది మేస్తూ నడిచే గేదె కాదు, పచ్చిక ఎక్కడ బాగుందో వెతుక్కుంటూ నడిచే గేదె.

ఎలా వెతుకుతుందో బాగా తెలిసింది ఈ.కోలై గురించి. దీని సొంతిల్లు మన పేగులే కానీ, ఈత విషయంలో శాస్త్రవేత్తలు అన్నిటికన్నా ఎక్కువగా దీని వెంటే పడ్డారు. దీనికి తోకల్లాంటి ఫ్లాజెల్లాలు కొన్ని ఉంటాయి. ఒక్కోదాని మొదట్లో ఒక తిరిగే మోటారు. నిజంగానే మోటారు, సెకనుకు వంద చుట్ల దాకా తిరుగుతుంది. మోటార్లన్నీ గడియారం ముల్లుకు ఎదురు దిక్కులో తిరిగితే తోకలన్నీ ఒక జడలా కలిసిపోయి దాన్ని నేరుగా తోస్తాయి. ఇది పరుగు. ఏ మోటారైనా దిక్కు మార్చిందా, జడ విడిపోతుంది, బ్యాక్టీరియా ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. ఇది పల్టీ. పరుగు సుమారు ఒక సెకను, పల్టీ సెకనులో పదో వంతు. పల్టీ తర్వాత ముఖం ఎటు ఉంటే అటే కొత్త పరుగు. ఆ దిక్కు ఎంచుకున్నది కాదు, ర్యాండమ్.

1972లో హోవర్డ్ బెర్గ్, డగ్లస్ బ్రౌన్ ఒక ప్రత్యేకమైన మైక్రోస్కోప్‌తో ఒక్కొక్క బ్యాక్టీరియాను వెంబడించారు. అది ఎటు ఈదితే దానికి ఎదురుగా నీళ్ల గదిని జరుపుతూ, దాన్ని ఎప్పుడూ ఫోకస్‌లోనే ఉంచే మిషన్ అది. తిండి ఎక్కువయ్యే వైపు వెళ్తున్నప్పుడు పరుగులు పొడవయ్యాయి. తగ్గే వైపు వెళ్తున్నప్పుడు మాత్రం పెద్ద మార్పు లేదు, మామూలు పరుగులే. మొత్తం ఆల్గోరిథమ్ ఇంతే: బాగుంటే పల్టీ వాయిదా వెయ్యి.

దీన్ని చాలామంది గ్రేడియంట్ డిసెంట్‌తో పోలుస్తారు. నాకు ఆ పోలిక నచ్చదు. గ్రేడియంట్ డిసెంట్‌లో ఎటు వెళ్లాలో తెలిశాకే అడుగు వేస్తాం. దీనికి ఎటు అన్నది ఎప్పటికీ తెలియదు. ఇప్పుడు వెళ్తున్న దారి బాగుందా లేదా, అంతవరకే తెలుస్తుంది.

ఆ ‘బాగుందా’ అన్నది ఎలా తెలుస్తుందన్నదే అసలు ప్రశ్న. తల దగ్గర ఎంత, తోక దగ్గర ఎంత అని పోల్చుకోవచ్చు కదా అనిపిస్తుంది. రెండింటికీ మధ్య దూరం రెండే మైక్రోమీటర్లు. అంత దగ్గర చోట్ల మధ్య తేడా చాలా చిన్నది, అణువులు ఎప్పుడెన్ని వచ్చి తగులుతాయన్న ఒడిదుడుకుల్లో కొట్టుకుపోతుంది. అదే 1972లో రాబర్ట్ మాక్‌నాబ్, డేనియల్ కోష్లాండ్ సాల్మొనెల్లా మీద చేసిన ప్రయోగం నాకు వీటన్నిటిలోకీ ఇష్టమైనది. బ్యాక్టీరియా ఉన్న నీళ్లలో దానికి ఇష్టమైన సెరీన్ అనే పదార్థాన్ని చటుక్కున కలిపేశారు. ఎంత చటుక్కున అంటే, ఇప్పుడు నీళ్లలో ప్రతి చోటా సెరీన్ ఒకే మోతాదు. ముందు వెనక తేడా ఎక్కడా లేదు. అయినా అవి పల్టీలు మానేసి, తిండి వైపు పోతున్నట్టే కొంతసేపు నేరుగా ఈదాయి. అదే మోతాదును చటుక్కున తగ్గిస్తే పల్టీలే పల్టీలు. అంటే అవి ఇక్కడికీ అక్కడికీ మధ్య తేడా చూడటం లేదు. ఇప్పటికీ ఇందాకటికీ మధ్య తేడా చూస్తున్నాయి. ‘ఇందాక’ తెలియాలంటే జ్ఞాపకం ఉండాలి కదా!

ఆ జ్ఞాపకం ఎక్కడుందో కూడా తెలిసింది. బ్యాక్టీరియా పొరలో బయటికి తల పెట్టుకుని రిసెప్టార్ ప్రోటీన్లు ఉంటాయి. తిండి అణువు వచ్చి తగలగానే అవి లోపలికి పంపే ‘పల్టీ కొట్టు’ సిగ్నల్ తగ్గుతుంది. ఇది సెకనులో చిన్న ముక్కలో జరిగిపోతుంది. ఇంకోవైపు అదే రిసెప్టార్లకు మిథైల్ గ్రూపులు నింపాదిగా ఒక్కొక్కటే అతుక్కుంటూ సిగ్నల్‌ను మళ్లీ మామూలు స్థాయికి లాక్కొస్తాయి. తిండి తగ్గితే అవే ఊడిపోతాయి. కాబట్టి ఏ క్షణంలోనైనా ఎన్ని మిథైల్ గ్రూపులు ఉన్నాయన్నది కొద్దిసేపటి క్రితం తిండి ఎంత ఉందో చెప్పే రికార్డు. ఒకే ప్రోటీన్ మీద వేగంగా మారేది ‘ఇప్పుడు’, నెమ్మదిగా మారేది ‘ఇందాక’. సెన్సర్ అదే, మెమరీ అదే.

ఎంతసేపటి జ్ఞాపకం? 1980లలో బెర్గ్ ల్యాబ్‌లోనే కొలిచారు. ఈ.కోలై గడిచిన ఒక సెకను సగటును అంతకు ముందు మూడు సెకన్ల సగటుతో పోలుస్తుంది. మొత్తం నాలుగు సెకన్లు. ఇంకాస్త ఎక్కువ గుర్తుంచుకుంటే లాభమే కదా అంటారేమో. మొదట్లో చెప్పిన కన్‌స్ట్రైంట్ గుర్తుందా? పది సెకన్లు తిరిగేసరికి ముఖం వేరే వైపు ఉంటుంది. అప్పటి సమాచారం అప్పటి దిక్కుకు చెందినది, ఇప్పటి దారికి పనికిరాదు. పోనీ తక్కువ గుర్తుంచుకుంటే, తగిలే అణువులు మరీ కొద్దివై లెక్క నమ్మదగ్గదిగా ఉండదు. ఈ రెంటికీ మధ్య ఉన్న సన్నటి సందులో ఆ నాలుగు సెకన్లు కుదురుకున్నాయి. విండో సైజు ఎంత పెట్టాలా అని ప్రాజెక్టుల్లో మనం రాత్రంతా పడే పాట్లు తలుచుకుంటే కొంచెం కుళ్లుగా ఉంటుంది.

సముద్రంలో పని ఇంకా కష్టం. అక్కడ తిండి చుక్కలు చుక్కలుగా ఉంటుంది. ఒక నాచు కణం చుట్టూ అది కార్చిన పదార్థాలతో ఒక చిన్న మేఘం, దాటితే చాలా దూరం ఏమీ ఉండదు. అక్కడి విబ్రియో జాతి వాటిలో చాలావాటికి ఈదడానికి ఒకటే తోక. జడ విప్పి పల్టీ కొట్టే అవకాశమే లేదు. ముందుకు ఈది, మోటారు తిప్పి అదే దారిలో వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకు మళ్లేటప్పుడు ఒంటిని ఒక్క విదిలింపు విదిలించి పక్కకు తిరుగుతాయి. ఈ విదిలింపు సంగతి 2011లో బయటపడింది. తోక మొదట్లో మెత్తగా ఉండే కొక్కెం లాంటి భాగం ఒత్తిడికి మడత పడటమే దీనికి కారణమని 2013లో తేలింది. ఇంజినీరింగ్‌లో బక్లింగ్ అంటే స్తంభం పాడవడం. ఇక్కడ అదే స్టీరింగ్.

ఇప్పుడు సైజును ఐదు వందల రెట్లు పెంచుదాం. మిల్లీమీటరు పొడవుండే కోపీపాడ్‌లు రొయ్యలకు దూరపు చుట్టాలు. చెరువు నీళ్లు గాజు గ్లాసులో పోసి వెలుతురుకు పెడితే గెంతే తెల్ల చుక్కల్లా కనిపించేవి చాలాసార్లు ఇవే. ఇవి నీళ్లను జల్లెడ పట్టి తింటాయని చాలాకాలం అనుకున్నారు. 1980 ప్రాంతంలో రూడీ స్ట్రిక్లర్, మిమీ కోల్ తదితరులు హైస్పీడ్ కెమెరాలతో తీసి చూస్తే సంగతి వేరుగా ఉంది. కోపీపాడ్ కాళ్లు ఆడిస్తూ తనవైపు ఒక ప్రవాహం నడుపుతుంది. ఆ ప్రవాహం నాచు కణం చుట్టూ ఉన్న వాసన మేఘాన్ని సాగదీస్తుంది కాబట్టి కణం కన్నా ముందు దాని వాసన వచ్చి చేరుతుంది. అప్పుడు కోపీపాడ్ ఆ కణాన్ని దాని చుట్టూ ఉన్న నీటి ముద్దతో సహా దోసిలి పట్టినట్టు పట్టేస్తుంది.

మంచినీళ్లలో ఉండే సైక్లాప్స్‌ది ఇంకో పద్ధతి. పేరు ఒంటికన్ను రాక్షసుడిది కానీ ఆ కన్నుకు వెలుగూ చీకటీ తప్ప పెద్దగా తెలియదు. మీసాల మీది సన్నటి వెంట్రుకలు నీటి కదలికను పసిగడతాయి. పక్కన ఏదైనా మెలికలు తిరిగితే మీద పడి తినేస్తుంది.

ఈ అలవాటే మనవాళ్ల కాళ్ల మీదికి వచ్చింది. మా తాతయ్యది రాయలసీమలో ఒక పల్లె. ఎడమ మడమ పైన ఆయనకొక మచ్చ ఉంది, నారికురుపుది. చిన్నప్పుడు దిగుడుబావి నీళ్లు తాగితే వచ్చిందనీ, పురుగును పుల్లకు చుట్టి రోజుకు కాస్త చొప్పున లాగేవారనీ చెబుతారు. ఆ పురుగు పిల్లలు నీళ్లలో మెలికలు తిరుగుతుంటే సైక్లాప్స్ తింటుంది. ఆ సైక్లాప్స్‌ను నీళ్లతో పాటు మనిషి మింగుతాడు. సుమారు ఏడాది తర్వాత, మీటరు దాకా పొడవుండే ఆడ పురుగు కాలి చర్మం చీల్చుకుని బయటికి వస్తుంది. ఆ మంటకు తాళలేక మనిషి కాలు నీళ్లలో పెడితే, అది మళ్లీ వేల పిల్లల్ని వదులుతుంది. మందు లేదు, టీకా లేదు. దిగుడుబావుల్లో దిగకుండా చూడటం, నీళ్లలో మందు కలిపి సైక్లాప్స్‌ను చంపడం, తాగే నీళ్లను గుడ్డలో వడకట్టడం, ఇవే ఆయుధాలు. మన దేశంలో చివరి కేసు 1996లో వచ్చింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్టిఫికెట్ ఇచ్చింది.

అదే గుడ్డ బంగ్లాదేశ్‌లో ఇంకో పనికొచ్చింది. కలరా క్రిమి కూడా ఒక విబ్రియోనే. కోపీపాడ్ పెంకులో ఉండేది కైటిన్, మన రొయ్య పొట్టులో ఉండేదే. దాన్నుంచి వచ్చే చక్కెరల వాసన పట్టి విబ్రియోలు ఈదుకుంటూ వెళ్తాయి, పెంకుకు అంటుకుని దాన్నే తింటాయి. రీటా కోల్‌వెల్ బృందం అక్కడి పల్లెల్లో ఆడవాళ్లకు పాత చీరను మడతలు పెట్టి బిందె మూతికి వేసి నీళ్లు పట్టడం నేర్పింది. కలరా కేసులు దాదాపు సగానికి తగ్గాయని 2003లో ప్రచురించారు. కొత్త చీర కన్నా పాతదే నయం. ఉతికి ఉతికి నూలు పోగులు విచ్చుకుని సందులు సన్నబడతాయి. నాలుగు మడతలు వేస్తే సందు 20 మైక్రోమీటర్ల దాకా వస్తుంది. విడిగా ఈదే విబ్రియో అందులోంచి హాయిగా దాటిపోతుంది. కోపీపాడ్ దొరికిందని దాని మీద స్థిరపడిందే గుడ్డలో మిగిలిపోతుంది.