సూది భయం ఈమాన్ లోపం కాదు
మార్కాపురం, గిద్దలూరు నుండి ఒంగోలుకో కర్నూలుకో ఎండోస్కోపీ వంటి పరీక్షకు వెళ్ళవలసినప్పుడు మనలో కొందరు సూదికి జడిసి వాయిదా వేస్తారు; సిగ్గుతో ఆ సంగతి దాచుకుంటారు. చేతికర్ర సర్పమైనప్పుడు మూసా (అలైహిస్సలాం) సైతం భయపడ్డారు. అల్లాహ్ ఆయనను నిందించలేదు. భయపడక దానిని పట్టుకోమన్నాడు. మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చర్మానికి గాటు పెట్టే హిజామాను స్వయంగా చేయించుకున్నారు.

కనుక భయాన్ని ముందే వైద్యునికి చెబుదాం. పడుకుని సూది వేయించుకుంటే కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం తగ్గుతుంది. మత్తుకు ముందు సాధారణంగా 6 గంటలు ఘనాహారం మానమంటారు. తిని ఉంటే దాచరాదు, కడుపులోనిది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. బిస్మిల్లాహ్ అని చేయి చాపుదాం. స్వస్థత ప్రసాదించేవాడు అల్లాహ్ మాత్రమే.