గోదావరి గట్టున లెక్కల పాఠం

"లెక్కల్లో నూటికి తొంభై వచ్చాయి తాతయ్యా!" అని మనుమడు సంబరపడతాడు. "అయితే ఆ కొబ్బరిచెట్టు ఎత్తెంతరా?" అంటే తెల్లమొగం వేస్తాడు. సైను, కొసైను పట్టిక మాత్రం గడగడ అప్పజెబుతాడు. తప్పు వాడిది కాదు. వాడిచేత ఎవరూ చెట్టును కొలిపించలేదు. పదో తరగతిలోని త్రికోణమితి, సంభావ్యత చేసి నేర్చుకోవలసిన పాఠాలు. కంఠతా పడితే పరీక్ష గట్టెక్కవచ్చునేమో గాని, లెక్కలంటే భయం పోదు.

ఈ పాఠాలకు యానాం కంటె మంచి తరగతిగది ఏముంది? పక్కనే గౌతమీ గోదావరి, గట్టు, కొబ్బరిచెట్లు!

ఒక కోణమానిని తీసుకుని, దాని తిన్నని అంచుకు సన్నని గొట్టం అంటించి, మధ్యబిందువు నుంచి రాయి కట్టిన దారం వేలాడదీయాలి. గొట్టంలోంచి చెట్టు కొనను చూస్తే దారం 50 మీద నిలిచిందనుకుందాం. 90లోంచి తీసివేయగా ఊర్ధ్వకోణం 40 డిగ్రీలు. చెట్టుకు 12 మీటర్ల దూరంలో నిలబడితే, 12ను టాన్ 40తో, అంటే 0.839తో హెచ్చించాలి. సుమారు 10 మీటర్లు. పిల్లవాడి కంటి ఎత్తు కలపడం మరువరాదు. కోణం ఒక్క డిగ్రీ తప్పు చదివితే ఎత్తులో 36 సెంటీమీటర్ల తేడా వస్తుంది.

ఇక నది. గట్టు దిగకుండానే వెడల్పు కనుక్కోవచ్చు. అవతలి ఒడ్డున చెట్టుకు సరిగ్గా ఎదురుగా నిలబడి, గట్టు వెంట 100 మీటర్లు నడిచి, అక్కడ గట్టుకూ చెట్టు చూపుకూ మధ్య కోణం కొలవాలి. మాటవరసకు అది 80 డిగ్రీలయితే వెడల్పు 567 మీటర్లు. 81 అని చదివితే 631! ఒక్క డిగ్రీకి 64 మీటర్లు పోయాయి. అదే 400 మీటర్లు నడిచి కొలిస్తే, డిగ్రీ పొరపాటుకు తేడా 21 మీటర్లే. ఆధారరేఖ పొడవు విలువ అప్పుడు తెలుస్తుంది. 1802లో మద్రాసులో లాంబ్టన్ దొర దేశపు సర్వేకు ఏడున్నర మైళ్ల ఆధారరేఖను గొలుసుతో కొలిపించింది ఇందుకే.

సంభావ్యతకు అష్టాచెమ్మా గవ్వలు చాలు. గవ్వ వెల్లకిల పడుతుందా, బోర్ల పడుతుందా? ముందు పిల్లలచేత ఊహ రాయించాలి. పదిసార్లు వేస్తే ఒకరికి ఏడు వెల్లకిల, మరొకరికి మూడు రావచ్చు. నలభైమంది తలా యాభైసార్లు వేసి, రెండువేలూ కలిపితే అంకె కుదుటపడుతుంది. తరువాత నాలుగు నాణేలు. మొత్తం 16 విధాలు. నాలుగూ బొమ్మ పడేది ఒక్కటే, సరిగ్గా రెండు పడేవి ఆరు. గవ్వ నాణెంలా సమానంగా పడుతుందా అన్నది పిల్లలే తేల్చాలి.

ఈ శాస్త్రం పుట్టింది కూడా జూదపు పందెం పంచే చిక్కుతోనే. 1654లో పాస్కల్, ఫెర్మా అనే ఫ్రెంచి పండితులు దానిమీద ఉత్తరాలు రాసుకున్నారు. 1954 వరకు ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న యానాంలో ఈ కథ చెబితే పిల్లలు చెవి ఒగ్గి వింటారు.

మరి మార్కులో? జవాబుకు పదింట రెండు చాలు. కొలిచిన పద్ధతికి నాలుగు, ఎక్కడ ఎంత పొరపాటు రావచ్చో చెప్పినందుకు నాలుగు. ఒక్కొక్కరికి వేరే చెట్టు, వేరే దూరం ఇస్తే పక్కవాడి కాగితం చూసినా లాభం లేదు. సంభావ్యతలో ఒకే ప్రశ్న అడగండి: "తొమ్మిదిసార్లు వరుసగా బొమ్మ పడింది. పదోసారి బొరుసు పడి తీరుతుందా?" తీరుతుందన్నవాడికి పాఠం ఇంకా అందలేదు. "ఈసారి తప్పక వస్తుంది" అన్న ఆ నమ్మకంతోనే గదా పేకాటలో కొంపలు గుల్లవుతున్నవి!

కనుక ఈ పాఠాన్ని బడికే వదిలెయ్యకండి. అటకమీది గవ్వలు దింపండి. పిల్లలతో కూర్చుని వేయండి. మీ ఊహ కూడా ముందుగా రాసిపెట్టండి. అది తప్పయితే ఒప్పుకోండి. పెద్దలు నవ్వుతూ ఒప్పుకున్న తప్పు పిల్లలకు లెక్కల భయం పోగొడుతుంది.